నాలుగో చెరువులో గుర్రపుడెక్క

ఫిబ్రవరి 9, సోమవారం

నాలుగో చెరువు శుభ్రమైపోయింది. పొద్దున ఏడింటికి ఆరుగురు మనుషుల్ని దింపితే పదకొండుకల్లా గుర్రపుడెక్క అంతా గట్టు మీదికి వచ్చిపడింది. ఆ చెరువులో నీళ్ళు ఎలా ఉంటాయో మరిచిపోయి రెండేళ్ళయింది. ఇవాళ చూస్తే అంచున పాకుతున్న నత్తలు కూడా కనిపిస్తున్నాయి.

ఎల్లుండి యజమానురాలు వస్తుంది. ఎండైనా నీడైనా చేతిలో గొడుగు వదలదు కనక పనివాళ్ళ నోట్లో ఆవిడ పేరు గొడుగమ్మ. ఈ పుస్తకం ఎవరూ చదవరు కాబట్టి నేనూ అలాగే రాసుకుంటాను. ఇన్నాళ్ళూ మా చేపపిల్లల కేంద్రంలో లోపలి తొట్లు నావి, బయటి చెరువులు మామయ్యవి. మొత్తానికి ఒకణ్ణే పెట్టాలా అన్నది ఆవిడ ఈ నెలలో తేలుస్తానంది.

మామయ్య ఇవాళ లేరు. కంట్లో శుక్లం తీయించడానికి మా ఆవిడ పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. సాయంత్రం తిరిగొచ్చాక, వద్దంటున్నా వినకుండా, ఒక కంటికి కట్టుతోనే గట్టు మీదికి వచ్చి నిలబడ్డారు.

"డెక్క ఏదండీ అల్లుడుగారూ?"

"తీయించేశాను మామయ్యా. ఎల్లుండి మేడమ్ వస్తున్నారుగా."

"వేళ్ళు చూశారా?"

"చూశాను. ఏమీ లేవు."

ఆయన కాసేపు నీళ్ళకేసి చూసి ఇంటికొచ్చేశారు.

సంగతేమిటంటే, నిన్న సాయంత్రం ఆయన బంగారుతీగ తల్లిచేపల్ని రెంటినీ, మగవాటిని నాలుగింటినీ నాలుగో చెరువులో వదిలారట. గుడ్లు అంటుకోవడానికి రెండో చెరువులో నేను డెక్కని కట్టలు కట్టి సిద్ధంగా పెట్టాను. అది కాదని ఈ అడవిలో వదలడమేమిటో. నాతో చెప్పలేదు. చెబితే ఆపేవాణ్ణి కదా.

వేళ్ళు చూశాను. ఏమీ లేవు.

ఫిబ్రవరి 10

మామయ్య అన్నం ముందు నుంచి సగంలో లేచారు. కంట్లో వేసిన మందు గొంతులోకి చేదుగా దిగుతోందట.

ఫిబ్రవరి 11, బుధవారం

గొడుగమ్మ వచ్చింది. నాలుగో చెరువు దగ్గర ఆగి, "అబ్బ, ఇన్నాళ్ళూ ఇది చెరువో చిట్టడవో తెలిసేది కాదు. ఇప్పుడు చూడండి, అద్దంలా ఉంది," అంది. నాకు సంతోషమేసింది. దాచుకోవడమెందుకు, చాలా సంతోషమేసింది.

తర్వాత గుడ్ల గురించి అడిగింది.

"పెట్టలేదండీ."

"ఎందుకని? పెద్దాయన చెబితే తప్పదంటారుగా."

"మామయ్యకి చూపు సరిగ్గా ఆనడం లేదు కదండీ. తల్లి పక్వానికి వచ్చిందో లేదో పొట్ట చూసే కదా చెప్పాలి."

నేనన్నది అంతే. మిగతాది ఆవిడే అనుకుంది. గొడుగు మడిచి, మళ్ళీ విప్పి, "పోనీలెండి, ఆయన మాత్రం ఎన్నాళ్ళు చేస్తారు? గేటు దగ్గర నీడలో కుర్చీ వేయిద్దాం. వచ్చే పోయే బళ్ళు చూసుకుంటారు. చెరువులు కూడా మీరే చూడండి," అంది.

చూపు ఆనడం లేదన్నది అబద్ధమేం కాదు. డాక్టరే చెప్పాడు.

ఫిబ్రవరి 12

మామయ్యని పదిహేను రోజులు నీళ్ళలో దిగొద్దన్నారు, దుమ్ములోకి పోవద్దన్నారు, వంగొద్దన్నారు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వసారాలో కూర్చుంటున్నారు. నేను పని నుంచి రాగానే అడిగారు.

"తల్లిని పట్టించి చూశారా? పొట్ట ఎలా ఉంది?"

"ఇంకా నిండుగానే ఉంది మామయ్యా."

"నిండుగానే ఉందా?"

"ఊఁ."

"అయితే నాకే అలా కనిపించిందన్నమాట. ఆదివారం చేత్తో తడిమి మరీ చూశానండీ. తెల్లారేలోగా పెట్టేస్తాయి అనుకున్నా. కన్ను మసకైతే చెయ్యి కూడా మసకవుతుంది కాబోలు."

గేటు దగ్గర కుర్చీ సంగతి అప్పుడే చెప్పాను. ఎలాగూ చెప్పాల్సిందే. ఆయన కోప్పడతారని సిద్ధపడి ఉన్నాను గానీ ఆయన కోప్పడలేదు. "మంచిదే, మంచిదే," అన్నారు.

ఫిబ్రవరి 13

మా చిన్నది వంటింటి కిటికీలో గాజు సీసా పెట్టింది. అందులో నీళ్ళమీద పెసరగింజంత ఆకుల నాచు తేలుతోంది. రోజూ ఆకులు లెక్కపెట్టి పుస్తకంలో రాసుకు రమ్మని వాళ్ళ టీచరు చెప్పిందట. మొన్న పన్నెండు, ఇవాళ ఇరవై ఒకటి. సీసా పట్టుకుని వసారాలోకి పరుగెత్తింది.

"తాతయ్యా, ఇది ఇలాగే పెరిగితే చెరువంతా కప్పేస్తుందా? అప్పుడు చేపలకి మంచిదా చెడ్డదా?"

మామూలుగా అయితే ఇలాంటి ప్రశ్న పడితే చాలు, ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. భోజనం చల్లారిపోవాల్సిందే. ఇవాళ సీసా కేసి కూడా చూడలేదు.

"నాన్ననడుగమ్మా. నాకేం తెలుసు."

అది నా దగ్గరికి వచ్చింది. చెప్పాను. తేలే మొక్కలు చెరువులో మూడోవంతు ఉంటే చల్లదనం, చేపపిల్లలకి దాక్కోవడానికి చోటు. మొత్తం కప్పేస్తే వెలుతురు లోపలికి పోదు, గాలి ఆడదు, కింద ఉన్నవాటికి ఊపిరాడదు. అసలే లేకపోతే అదో తంటా. ఇందులో ఒక్క ముక్క కూడా నా సొంతం కాదు, అన్నీ ఆయన దగ్గర నేర్చుకున్నవే. అది మాత్రం పుస్తకంలో 'మా నాన్న చెప్పారు' అని గుండ్రంగా రాసుకుంది.

ఫిబ్రవరి 14

సోమవారం రాసింది తిరగేశాను. 'నాతో చెప్పలేదు' అని ఉంది.

చెప్పారు. ఆదివారం సాయంత్రం కాళ్ళు కడుక్కుంటూ చెప్పారు. ఏదో చెరువు, ఏదో తల్లి అన్నారు. నేను ఫోను చూసుకుంటున్నాను. ఊఁ అన్నాను. సరిగ్గా వినపడలేదు.

ఫిబ్రవరి 15

వినపడింది. "రెండో చెరువులో కట్టల దగ్గరికి తల్లులు పోవడం లేదండీ, నాలుగులోకి మార్చాను. మంగళవారం దాకా ఆ డెక్క జోలికి ఎవర్నీ పోనివ్వకండి," అన్నారు. అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

కట్టలు నేను కట్టినవి. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది.

ఫిబ్రవరి 16, సోమవారం

అద్దం పోయింది. నాలుగో చెరువు నీళ్ళు పచ్చబడ్డాయి. చెయ్యి ముంచితే నీళ్ళు మోచేతి దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు కనపడటం లేదు. డెక్క ఉన్నన్నాళ్ళూ సగం ఎండ దాని ఆకుల మీదే ఆగిపోయేది. తినగా మిగిలిన మేత, అడుగున కుళ్ళే మడ్డి, ఆ సారమంతా దాని వేళ్ళు లాగేసుకునేవి. ఇప్పుడు ఎండా, సారమూ రెండూ పచ్చనాచుకే. దానికింక పండగే పండగ.

మందు చల్లితే సరిపోతుంది.

చల్లలేదు. మామయ్య ఉంటే చల్లనివ్వరు.

ఫిబ్రవరి 18

రెండు రోజులుగా మబ్బు. ఇవాళ తెల్లారగట్ల వెళ్ళేసరికి నాలుగో చెరువు నిండా నోళ్ళు. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచి గాలి మింగుతున్నాయి. అంత నాచు పగలంతా నీళ్ళలోకి గాలి వదిలి చేసిన మేలు ఒకెత్తు, చీకట్లో అదే నీళ్ళలో గాలిని తినేయడం ఒకెత్తు. కాలవ తూము ఎత్తమని పనివాళ్ళకి కేకేసి ఇంటికి పరుగెత్తాను.

మామయ్య అప్పటికే లేచి కూర్చుని ఉన్నారు.

"మామయ్యా, నాలుగులో చేపలు పైకొచ్చాయి. తూము ఎత్తించాను. ఇంకేం చెయ్యాలి?"

ఆయన కుర్చీ చేతులు పట్టుకుని సగం లేచారు. మళ్ళీ కూర్చున్నారు.

"నన్నడక్కండి అల్లుడుగారూ. నా మాట మీద పోతే ఇంకోటి తప్పుతుంది. మీకు తోచింది చెయ్యండి."

నలభై ఏళ్ళు చెరువుల్లో బతికిన మనిషి ఆయన. నేను పదిహేనేళ్ళ క్రితం ఇక్కడ పనికి చేరినప్పుడు, నీళ్ళ వాసన చూసి రేపేం జరుగుతుందో చెప్పేవారు. అప్పట్లో నన్ను 'ఒరేయ్ అబ్బాయ్' అనేవారు. కూతుర్నిచ్చిన రోజు నుంచి 'అల్లుడుగారూ, మీరు' అయ్యాను. నాకది ఎప్పుడూ ఇబ్బందిగానే ఉండేది, ఆయన మాత్రం ఒక్కసారి కూడా పొరపడలేదు.

నీళ్ళు మార్చేసరికి తొమ్మిదైంది. మూడు చేపలు పోయాయి. తల్లులు బతికాయి.

ఫిబ్రవరి 19

కాలవ మలుపు దగ్గర్నుంచి గుర్రపుడెక్క మోయించుకొచ్చాను. నాలుగు వెదుళ్ళతో చట్రం కట్టి, చెరువులో మూడోవంతు దాటకుండా అందులో వేయించాను. తీసి పారేసిన దాన్నే పది రోజులకి మళ్ళీ మోస్తుంటే పనివాళ్ళు నా ముందు నవ్వలేదు గానీ, కాస్త దూరం పోయాక బాగానే నవ్వుకున్నారు.

వేసేముందు ఒక మొక్కని బకెట్లో ముంచి, వేళ్ళు కదిపి చూశాను. ఎన్ని ప్రాణాలో. గోరంత రొయ్యపిల్లలు, నత్తలు, తూనీగ పిల్లలు, ఆవగింజంత ఎర్రటి పురుగులు, ఇంకా పేరు తెలియనివి. ఒకటి రెండోదాన్ని పట్టుకోవడానికి పోతోంది, రెండోది వేరు సందులోకి దూరిపోతోంది. పైన ఆకులు, ఊదారంగు పూలు చూసి కలుపు అంటాం. కింద ఊరు ఊరంతా కాపురముంటోంది. ఇది కూడా మామయ్య చెప్పిందే. నేను విన్నది ఉద్యోగం కోసం, అందుకే మనసులో నిలవలేదు.

చాలాసేపు బకెట్ దగ్గరే కూర్చున్నాను.

ఫిబ్రవరి 20

ఏమీ లేదు.

ఫిబ్రవరి 21, శనివారం

రాస్తాను.

ఆ సోమవారం పదకొండున్నరకి, పని అయిపోయాక, గట్టు మీద కుప్ప పక్కన నిలబడి ఉన్నాను. కాలి చెప్పుకి ఏదో జిగురుగా తగిలింది. ఒక మొక్కని ఎత్తి తిరగేశాను. వేళ్ళ నిండా గుడ్లు. సందు లేదు. గసగసాలు చల్లినట్టు తెల్లగా మారిపోయి ఉన్నాయి. ఇంకో మొక్క తీశాను. అదీ అంతే. ఇంకోటి. రెండు తల్లులూ చెరువంతా తిరిగి, ప్రతి వేరుకీ పెట్టాయి. ఇంతమంచి పెట్టుడు నేను ఈ పదిహేనేళ్ళలో చూడలేదు.

పైవన్నీ ఎండకి చచ్చాయి. కానీ కుప్ప అడుగున డెక్క తడిగానే ఉంది. చెయ్యి లోపలికి పెడితే చల్లగా తగిలింది. అక్కడివి ఇంకా తెల్లబడలేదు, గాజులా మెరుస్తున్నాయి. అంటే బతికే ఉన్నాయి. అప్పటికప్పుడు మనుషుల్ని పిలిచి కిందివి నీళ్ళలో వేయించి ఉంటే సగమైనా దక్కేవి. పిలిస్తే ఎందుకని అడుగుతారు. చెప్పాలి. మామయ్య వద్దన్నా తీయించానని ఆరుగురి ముందూ ఒప్పుకోవాలి. ఎల్లుండి గొడుగమ్మ వస్తుంది.

పిలిచాను. కుప్ప మీద మట్టి కప్పమని చెప్పాను.

వేళ్ళు చూశాను, ఏమీ లేవని ఆయనతో చెప్పినప్పుడు, ఒక కంటికి కట్టు, ఇంకో కంటికి మసక. నా చూపు మీద ఆధారపడి అడిగారు. తల్లి పొట్ట నిండుగా ఉందని చెప్పినప్పుడు నేనసలు వలే వేయించలేదు. వేయించి చూడాల్సిన అవసరం లేదు. ఖాళీ అని నాకు తెలుసు.

నేను చంపింది గుడ్లనే అయితే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి. ఆయన తనమీద తనకున్న నమ్మకం పోగొట్టుకుని వసారాలో కూర్చున్నారు. అది నా పని.

ఫిబ్రవరి 22, ఆదివారం

పొద్దున్నే మా ఆవిడ బట్టలు ఆరేస్తూ అంది. "నాన్న చేతులు గమనించారా? చెరువుకి పోకపోయేసరికి ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియడం లేదు. ఒళ్ళో పెట్టుకుంటారు, తీస్తారు, మళ్ళీ పెట్టుకుంటారు." ఇంకో బట్ట దులుపుతూ, "మీరేమో పది రోజుల నుంచి ఆయన మొహం చూసి మాట్లాడటం లేదు. ఏం జరిగిందో నాకు చెప్పక్కర్లేదు. ఆయనతో చెప్పండి," అంది.

దీనికెలా తెలుస్తుందో నాకు తెలియదు.

వసారాలోకి వెళ్ళాను. కుర్చీ ఉంది గానీ కూర్చోబుద్ధి కాలేదు.

"మామయ్యా, నాలుగో చెరువులో తల్లులు గుడ్లు పెట్టాయి."

"ఎప్పుడు? ఇవాళా?"

"ఆ ఆదివారం. మీరు చెప్పిన రాత్రే. నేను డెక్క తీయించాక చూశాను. వేళ్ళ నిండా గుడ్లే. మీతో అబద్ధం చెప్పాను. పొట్ట సంగతీ అబద్ధమే."

ఆయన నల్లద్దాలు తీశారు. నన్ను కొడతారేమోనని అనిపించింది. కొడితే బాగుండుననీ అనిపించింది. ఆయన నవ్వారు. మొహమంతా నవ్వారు.

"పెట్టాయా!"

"పెట్టాయి."

"నాకు తెలుసు. చేతికి తెలిసిందండీ, పొట్ట మెత్తగా, వెచ్చగా... అంచుల్లోనే పెట్టాయా, మధ్యలో కూడానా?"

"అంతటా పెట్టాయి. ఖాళీ వేరు లేదు."

"రెండూ పెట్టాయా?"

"రెండూ."

"అమ్మాయ్! ఇదుగో అమ్మాయ్!" లోపలికి కేకేశారు. "విన్నావా, పెట్టాయంట! మొత్తం పెట్టాయంట! చూపు తప్పలేదే నాది!"

మా ఆవిడ తడిచేతులతో గుమ్మంలోకి వచ్చింది. నా వంక చూసి అక్కడే ఆగిపోయింది. మనవరాలు సీసా వదిలేసి వచ్చి తాతయ్య పక్కన నిలబడింది. తాతయ్య నవ్వుతున్నాడు కాబట్టి అదీ నవ్వింది. నేను మాత్రం అక్కడ నిలబడి ఆ సంతోషాన్ని చూడాల్సి వచ్చింది. ఏ తిట్టుకీ నాకంత నొప్పి కలిగేది కాదు.

తర్వాత ఆయన మొహంలో నవ్వు మెల్లగా ఆగింది. మిగతాది అప్పుడు తట్టింది ఆయనకి.

"మరి ఆ డెక్క అంతా ఏమైంది?"

"గట్టు మీద. మట్టి కప్పించాను."

"అడుగునవి?"

అందరూ అడగకుండా వదిలేసే ప్రశ్న ఆయనే అడుగుతారని నాకు తెలుసు. "బతికే ఉన్నాయి మామయ్యా. తెలిసే కప్పించాను."

ఆయన నల్లద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత నావైపు చూడకుండా అన్నారు. "ఎన్నుంటాయో తెలుసురా నీకు? తల్లి ఒక్కోటీ మూడు కిలోలు. కిలోకి లక్ష. లెక్కెయ్యి."

కూతుర్నిచ్చిన పదకొండేళ్ళలో ఆయన నన్ను 'రా' అనడం ఇదే మొదటిసారి.

ఫిబ్రవరి 23, సోమవారం

గొడుగమ్మ ఇంటికి నేనే వెళ్ళాను. మొత్తం చెప్పాను, అడుగున బతికి ఉన్నవాటి సంగతితో సహా. ఆవిడ గొడుగు గోడకి ఆనించి విన్నది.

"డెక్క తీయించడం పొరపాటు. ఎవరికైనా జరుగుతుంది," అంది చివరికి. "కానీ తొట్టిలో ఎన్ని పిల్లలున్నాయో రేపు మీరు చెబితే నేనెలా నమ్మను?"

ఆవిడ గొడుగు మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"మీరు తొట్ల దగ్గరే ఉండండి. నెలనెలా నేనొచ్చి చూస్తాను. చెరువులు పెద్దాయనవి, ఆయన చాలనేదాకా. ఆ ముక్క నేనే వచ్చి ఆయనతో చెబుతాను. గేటు దగ్గర కుర్చీ అన్నది నేనే కదా."

వచ్చేటప్పుడు దారి పొడుగునా తేలికగా ఉంటుందనుకున్నాను. అలాగేం లేదు. మామూలుగానే ఉంది.

ఫిబ్రవరి 25, బుధవారం

నిన్న డాక్టరు నల్ల కళ్ళద్దాలు తీసేయమన్నాడు. మామయ్య ఇవాళ కూడా నాతో మాట్లాడలేదు. పొద్దున నేను లేచేసరికే చెరువుకి వెళ్ళిపోయారు.